పైపూతలు తీస్తే పాత ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టుకోవడం అంతకంటే కష్టమన్న మాట మాత్రం వారు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వారికి కలగలేదేమో! వానలకు ముందు మిద్దె మీద చౌడు సర్దడం, రంజాన్ నెలకు ముందు గోడలకు సున్నం వేయడం, నేల అలకడం వారికి వంటావార్పూ లాంటి మామూలు పనులే. ఆ పనులు మనకు బరువయ్యాయి. ఏటేటా చేసే పనిని ఒక్కసారితో వదిలించుకోవాలని 'శాశ్వత మరమ్మతు' చేయించాం. గోడకు సిమెంటు పూశాం, దాని మీద ఆయిల్ పెయింటు వేశాం, నేలకు టైల్స్ పరిచాం, కప్పు కింద మరో కప్పు బిగించాం. ముప్పై, నలభై ఏళ్లు గడిచాక ఆ శాశ్వత మరమ్మతులే పాత ఇళ్లను లోపలినుంచి తినేస్తున్నాయి.

ఇప్పుడు అలాంటి ఇంటి ముందు నిలబడిన ప్రతి కుటుంబానికీ ఒకటే ప్రశ్న. కూల్చేసి కొత్తది కట్టుకోవాలా, లేక పైపైన చేసినవన్నీ విప్పేసి అసలు ఇంటిని తిరిగి రాబట్టుకోవాలా? ఈ రెండో దారి గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

పడమటి సీమ ఇళ్లు

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఈ మూడు ఊళ్లకూ చరిత్రలో చోటుంది. ఆదోని కోట విజయనగర రాజులను, బీజాపూరు సుల్తానులను, మొగలులను, నిజాం వంశీయులను చూసింది. 17వ శతాబ్దంలో బీజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఆ ఊరికి అలంకారం. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోనిని పట్టుకున్నాడు. 1800లో ఈ ప్రాంతమంతా దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. ఆ దత్తమండలాల తొలి కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది పత్తికొండలోనే. ఎమ్మిగనూరుకు చేనేత వల్ల పేరొచ్చింది. అక్కడి నేతపనివారి సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప నెలకొల్పారు.

కోటలకూ మసీదులకూ చరిత్ర రాసేవారున్నారు. ఈ ఊళ్ల వీధుల్లో పత్తి వ్యాపారులు, నేతగాళ్లు, దూదేకులవారు, చిన్న రైతులు కట్టుకున్న రాతిగోడల మట్టిమిద్దెలకు మాత్రం ఎవరూ చరిత్ర రాయలేదు. అందుకే వాటి విలువ వాటిలో ఉంటున్నవారికే తెలియకుండా పోతోంది.

మిద్దెలో ఏముందో ఒకసారి చూద్దాం. గోడను రెండు వరుసల రాళ్లతో కట్టారు. బయటికి ఒక ముఖం, లోపలికి ఒక ముఖం. మధ్య సందులో చిన్న రాళ్లూ మట్టీ దట్టించారు. మందం సాధారణంగా రెండడుగుల పైమాటే. రాయికీ రాయికీ మధ్య ఉన్నది మట్టి. స్తోమత ఉన్నవారు గానుగ పట్టిన సున్నం వాడారు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డకట్టెలు, వాటి మీద రెల్లో ఆకులో పరిచి, ఆపైన మట్టి వేసి, అన్నిటికంటే పైన చౌడు పరిచారు.

పొలంలో చౌడును చూసి రైతు తిట్టుకుంటాడు. మిద్దె మీద అదే చౌడు ఇంటిని కాపాడుతుంది. అందులోని సోడా లవణాల వల్ల తడిసిన వెంటనే బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. నీరు కిందికి దిగదు. అందుకే పంటకు పనికిరాని మట్టి కప్పుకు పనికొచ్చింది. నీరు జారిపోవడానికి కొద్దిపాటి వాలు, వాలు చివర దోణి. నడిమింట్లో వెలుతురుకు, వంటింట్లో పొగకు కప్పులో గవాచి. వానొస్తే దాని మీద బండ మూసేవారు. గోడలో దీపానికో గూడు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఆ గూటినే తాక్ అంటారు, పడసాలను దాలాన్ అంటారు. పేర్లు వేరైనా ఇల్లు ఒక్కటే.

ఈ ఇంటి గొప్పతనం వైశాఖ మాసంలో తెలుస్తుంది. పగలు కాచిన ఎండ ఆ మందపాటి గోడను దాటి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. అప్పటికి బయట చల్లబడుతుంది, ఆరుబయట మంచం వేసుకోవచ్చు. కరెంటు లేని రోజుల్లో ఈ సీమలో మనుషులు వేసవిని దాటింది ఈ లెక్క మీదే.

గోడకు ఊపిరాడకపోతే

నేలలోని తడి ప్రతి పాత గోడలోకీ కొంత ఎక్కుతుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే మట్టి, సున్నం, రాయి నేలలోని తడిని పైకి లాగుతాయి. ఇది జబ్బు కాదు. మట్టి పూతా సున్నపు పూతా ఆ తడిని ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తాయి. ఎక్కిన తడి ఎక్కినట్టే ఆరిపోతుంది.

ఆ గోడకు సిమెంటు పూశామనుకోండి. సిమెంటు గట్టిది, తడిని అంత సులువుగా వదలదు. దాని మీద ఆయిల్ పెయింటు వేస్తే మిగిలిన సందులూ మూసుకుపోతాయి. బయటికి పోలేని తడి ఇంకా పైకి ఎక్కుతుంది. ఒకప్పుడు అడుగు ఎత్తున ఆగిన చెమ్మ ఇప్పుడు నడుము ఎత్తుకు వస్తుంది. తడితోపాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది. పూత వెనక ఆ ఉప్పు గడ్డకట్టి, స్ఫటికాలుగా పెరిగి, రాతినీ మట్టినీ పొడిపొడిగా రాలుస్తుంది. మన ఇళ్లలో 'గోడ ఉప్పు పూసింది' అనేది దీన్నే. అప్పుడు మేస్త్రీని పిలుస్తాం. ఆయన ఊడిన చోట మళ్లీ సిమెంటు పూస్తాడు. రెండేళ్లకు ఆ అతుకు పైన మరో రెండడుగుల ఎత్తున పూత ఊడుతుంది. పెళ్లి దగ్గరపడిందని మరో రంగు వేయిస్తాం. రోగానికి కారణమైనదాన్నే మందుగా వాడుతున్నామన్న మాట.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందింది 1824లో. పోర్‌బందర్‌లో సిమెంటు తయారీ మొదలైంది 1914లో. మన పల్లెలకు అది చేరేసరికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. తాతలనాటి ఇల్లు సిమెంటును చూసి కట్టింది కాదు, సిమెంటుతో బతకడం దానికి తెలియదు. సిమెంటు చెడ్డదని కాదు. కొత్త ఇంటికి అది వెన్నెముక. మెత్తని గోడ మీద గట్టి తొడుగు వేయడమే తప్పు. గోడ కదిలితే మెత్తని సున్నం దానితోపాటు కదులుతుంది. సిమెంటు కదలదు, పగులుతుంది. ఆ పగులులోంచి వాననీరు లోపలికి దిగుతుంది. దిగిన నీరు బయటికి రావడానికి దారి ఉండదు.

నేల సంగతీ ఇంతే. పాత బండల సందుల్లోంచి కొంత తడి ఆవిరైపోయేది. బండల మీద సిమెంటు పోసి నున్నటి టైల్స్ పరిస్తే ఆ తడి పక్కకు మళ్లి గోడలోకే ఎక్కుతుంది. పైగా నేల నాలుగంగుళాలు పెరుగుతుంది, గడప కూరుకుపోయినట్టవుతుంది, తలుపు కింద కోసుకోవాలి. బయట మునిసిపాలిటీవారు రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచితే వీధి నీరు అరుగు దాటి వస్తుంది.

నెత్తిమీద బరువు

గోడకంటే కప్పు ప్రమాదం పెద్దది. వానాకాలంలో మట్టిమిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయాయన్న వార్త రాయలసీమలో మనం మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాం. మట్టి ఇల్లు కాబట్టి కూలిందని అందరూ అంటారు. చాలాసార్లు అసలు కారణం వేరే.

ఏటా చౌడు పరిచే ముందు పాత పొరను గీకి తీయాలి. తీసేవారు తగ్గిపోయారు, వేసేవారు మిగిలారు. లెక్క చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక్క అంగుళం మట్టి పెరిగితే దూలాల మీద దాదాపు 4 క్వింటాళ్ల బరువు పెరిగినట్టు. పది అంగుళాలు పెరిగితే 40 క్వింటాళ్లు. తడిస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. తాత వేయించిన దూలం ఆ లెక్కకు వేసింది కాదు.

దీనికితోడు కారుతోందని మిద్దె మీద సిమెంటు పోయిస్తారు. ఎండకు అది పగులుతుంది, పగులులోంచి దిగిన నీరు మట్టిలోనే నిలిచిపోతుంది, దూలం గోడలో దూరే చోట కట్టె కుళ్లుతుంది, చెదలు పడతాయి. ఇదంతా కంటికి కనిపించాలి కదా! కనిపించదు. ఎందుకంటే కింద థర్మోకోల్ పలకలో ప్లైవుడ్డో బిగించి నున్నటి సీలింగు వేయించాం. గవాచి మూసేశాం. దూలం రెండుగా చీలినా సీలింగు కింద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. పాత ఇంట్లో తీయవలసిన మొదటి వస్తువు ఏదైనా ఉంటే అది ఈ దొంగ కప్పే. అందం కోసం కాదు, ప్రాణం కోసం.

మోప్తీ నుంచి గోల్కొండ దాకా

ఈ సంగతి మన పల్లెలకే పరిమితం కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో మోప్తీ అనే ఊళ్లో మట్టితో కట్టిన పెద్ద మసీదు ఉంది. ఏటేటా మట్టి పూయడం కష్టమని 1978లో దాని పైభాగానికి సిమెంటు పూశారు. మేలు జరగకపోగా ఆ పూత వల్లనే కట్టడం దెబ్బతింది. 2004 నుంచి 2006 వరకు ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు పూనుకుని ఆ సిమెంటును ఒలిచేసి, కప్పును బాగుచేసి, మళ్లీ మట్టితోనే పూత వేయించింది.

ఢిల్లీలో హుమాయూన్ సమాధికీ ఇదే అనుభవం. 20వ శతాబ్దంలో కారుతున్న చోటల్లా కప్పు మీద కాంక్రీటు పొరలు పోస్తూ వచ్చారు. అదే ట్రస్టు కేంద్ర పురావస్తు శాఖతో కలిసి 2007లో మొదలుపెట్టి 2013లో ముగించిన పనుల్లో ఆ కప్పు మీదనుంచి దించిన కాంక్రీటు 10 లక్షల కిలోల పైనే. అంత బరువును ఆ రాతి కట్టడం మోయగలిగింది. మన వేపదూలం మోయగలదా?

మనకు దగ్గరలో గోల్కొండ కోట పక్కన కుతుబ్‌షాహీ సమాధులు ఉన్నాయి. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ వాటికి మరమ్మతులు చేయించి తోటలు వేయించారు. తర్వాతి కాలంలో గుమ్మటాల మీదికీ గోడల మీదికీ సిమెంటు చేరింది. 2013లో మొదలై 2024లో పూర్తయిన పనుల్లో ఆ సిమెంటును తీసి సున్నంతో తిరిగి పూశారు. ఆ ప్రాంగణంలోని పెద్ద బావి గోడ 2013 వానలకు కూలితే దాన్నీ సున్నంతో, రాతితో మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం కూడా దక్కింది.

సుల్తానుల సమాధులకు లక్షలు, కోట్లు ఖర్చు పెట్టేవారున్నారు, మా ఇంటికి ఎవరున్నారని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ నేర్చిన పాఠానికి ఖర్చు లేదు. మొదట వేసినదాన్ని తెలుసుకో, తర్వాత వేసినదానిలో హాని చేసేదాన్ని తీసెయ్, మొదటి సరుకుతోనే బాగుచెయ్. ఇంతే ఆ పాఠం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పని మొదలుపెట్టే ముందు ఇంటిని చూడండి. ఒక పూట కేటాయించి ప్రతి గదినీ ఫొటో తీయండి. ఎక్కడ చెమ్మ, ఎంత ఎత్తున, ఎక్కడ పగులు, ఎక్కడ గోడ ఉబ్బింది, ఒక పుస్తకంలో రాయండి. పగులు మీద అడ్డంగా పల్చని సున్నపు బిళ్ల అతికించి తేదీ వేయండి. కొన్ని వారాలకు బిళ్ల చిట్లితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. గోడ కడుపు ఉబ్బినా, దూలం వంగినా, పగులు కదులుతున్నా ఇంజనీరును పిలవకుండా గోడ మీద సుత్తి వేయవద్దు. ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వవద్దు.

తర్వాత నీటి సంగతి చూడాలి. దోణి పూడిపోయిందా, పక్కింటి నీరు మన గోడలోకి వస్తోందా, స్నానాలగది పైపు గోడ లోపల కారుతోందా? నీరు ఆగకుండా పూతలు మార్చడం చిల్లి కుండకు రంగు వేయడమే. గోడను ఆనుకుని సిమెంటు చేసిన బయటి నేలను ఒక మూర వెడల్పున తీసి, కంకర నింపి, నీరు దూరంగా పారేట్టు వాలు పెట్టినా చాలా గోడలు వాటంతటవే కొంత ఆరుతాయి.

ఆపైన కప్పు. ముందు కింద గట్టి ఊతకర్రలు నిలబెట్టాలి. మిద్దె మీద మట్టిని ఒకవైపునుంచే తవ్వుకుంటూ పోకూడదు, రెండు వైపులా సమంగా, పల్చగా తీసుకురావాలి. దూలాల చివరలను మొనదేలిన ఇనుపముక్కతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగితే కుళ్లినట్టే. మొత్తం దూలం మార్చవలసిన పని లేదు. చాలాసార్లు కుళ్లిన కొసను కోసి కొత్త కట్టె అతికించవచ్చు, లేదా గోడ పక్కన స్తంభం నిలపవచ్చు. ఇది తెలిసిన వడ్రంగి చేయవలసిన పని. తర్వాత కొలత ప్రకారం కొత్త మట్టి, ఆపైన చౌడు. ఈసారి ఎంత మందం వేశారో గోడ మీద గీత గీసి ఉంచండి. వచ్చే ఏడు పాత పొర తీయకుండా కొత్తది వేయకూడదు.

గోడల సంగతికి వద్దాం. సిమెంటును మొత్తం ఒకేసారి ఊడగొట్టకండి. చెమ్మ ఎక్కువగా ఉన్న గోడకు, కింద మూడడుగుల మేరకు తీసి చూడండి. చిన్న సుత్తి, ఉలి చాలు. యంత్రాలతో అదరగొడితే మట్టితో కట్టిన రాళ్లు వదులవుతాయి. పూతతోపాటు రాతి పెచ్చులు కూడా ఊడివస్తుంటే అక్కడ ఆపేయండి. తీసినచోట ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఊడ్చి బయట పారేయండి, కడగవద్దు. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. గోడను కొన్ని నెలలు, వీలైతే ఒక వేసవి అంతా అలా ఆరనివ్వండి. గోడ బోసిగా ఉందని చుట్టాలు ఏదో అంటారు. అననివ్వండి.

ఆరిన గోడకు సున్నం. తడిపి నానబెట్టిన సున్నం ఒక పాలు, శుభ్రమైన ఇసుక మూడు పాళ్లు మామూలు లెక్క. చెమ్మ తగిలే చోట ఇసుకలో కొంత సుర్ఖీ, అంటే ఇటుకపొడి, కలిపితే త్వరగా గట్టిపడుతుంది. బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం మన పెద్ద మేస్త్రీలకు తెలుసు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అందుకు సమయం పడుతుంది. పల్చని పూత వేసి, తడుపుతూ, అది బిగిశాకే మరో పూత వేయాలి. మండుటెండలో, జోరువానలో ఈ పని చేయించకూడదు. వానలు వెనకబట్టాక కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. రాతి సున్నం నీళ్లలో ఉడికేటప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. కంట్లో పడితే చూపు పోతుంది. చివరిపూత వెల్ల. రంగు కావాలంటే అందులోనే కొంచెం నీలిమందో ఎర్రమన్నో కలుపుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు మరిచిపోవద్దు. పాత ఆయిల్ పెయింటులో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. కాబట్టి అంతకు ముందు వేసిన రంగును కాల్చి తీయడం, పొడిగా గీకడం చేయకండి. తడిపి తీయాలి, పెచ్చులను మూటకట్టి తీసేయాలి, గర్భిణులూ పసిపిల్లలూ ఆ రోజుల్లో మరో ఇంట్లో ఉండాలి. రెండోది ఆస్‌బెస్టాస్ రేకులు. వాటిని పగలగొడితే కంటికి కనిపించని నూలుపోగుల్లాంటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. తడిపి, విరగకుండా, ముక్కుకు రక్షణ కట్టుకుని దించాలి.

ఇల్లు కోటకో మరో రక్షిత కట్టడానికో దగ్గరలో ఉంటే ఇంకో మాట. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం 2010 సవరణ ప్రకారం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా కట్టడాల మీద నియంత్రణ ఉంటుంది. పాత ఇంటి మరమ్మతుకైనా ముందు అనుమతి తెచ్చుకోవాలి.

అన్నీ తీసేయాలా?

ఉత్సాహం కూడా ఒక్కోసారి ఇంటికి చేటు చేస్తుంది. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో పాత చర్చీలను 'అసలు రూపానికి' తెస్తామంటూ గోడలన్నీ గీకి, తర్వాతి తరాలు చేర్చినవన్నీ పీకి పారేశారు. దానికి ఎదురుగా విలియం మోరిస్ 1877లో ఒక సంఘమే పెట్టారు. 1964 నాటి వెనిస్ ఒప్పందం కూడా ఒక కట్టడానికి ఆయా కాలాలు చేర్చిన మంచిని గౌరవించాలనే చెప్పింది.

మన ఇంటికి దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు. మరుగుదొడ్డి తర్వాత వచ్చిందే. దాన్ని తీస్తామా? వంటింట్లో నిలబడి వండుకునే గట్టు, కుళాయి, కరెంటు, ముసలివారు పట్టుకునే కమ్మీ, ఇవన్నీ కొత్తవే. వీటిలో ఏ ఒక్కటీ తీయకూడదు. పాత ఇంట్లో కట్టెల పొగలో కళ్లు పోగొట్టుకున్నది మన అమ్మలూ అవ్వలూ. ఆ పొగను తిరిగి తెచ్చే మరమ్మతు ఎవరికీ అక్కర్లేదు. అమ్మ ముచ్చటపడి వేయించుకున్న పూలగచ్చు చెమ్మ పట్టకుండా ఉంటే అదీ ఉండనివ్వండి. అదీ ఈ ఇంటి చరిత్రే. తీయవలసింది పాతబడినదాన్ని కాదు, హాని చేసేదాన్ని. గోడకు ఊపిరాడనివ్వనిది, దూలం మీద బరువు పెట్టేది, వెలుతురుకు అడ్డం నిలిచేది, నీటిని లోపల బంధించేది. ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుని ఒక్కొక్కదాన్ని పరీక్షిస్తే చాలు.

మసీదు కమిటీల పెద్దలకూ ఇదే మనవి. ఊళ్లో పాత మసీదు రాతి స్తంభాలకు ఎనామిల్ రంగు, మిహ్రాబ్ చుట్టూ నున్నటి టైల్స్, గుమ్మటానికి సిమెంటు వేయిస్తే ఇచ్చినవారి చందా కళ్లకు కనిపిస్తుంది. గుమ్మటం మీది సున్నాన్ని సున్నంతోనే బాగుచేయిస్తే పెద్దగా కనిపించదు. కానీ కట్టడం నిలుస్తుంది. ప్రజల సొమ్ము దుబారా కాకూడదన్నది మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు అడ్డుగోడ

ఇంతా చెప్పాక, చాలా ఇళ్లలో తీయవలసిన అతిపెద్ద కట్టడం ఒకటి మిగిలి ఉంది. అది నడిమింట్లోనో పెరట్లోనో అన్నదమ్ములు పెట్టుకున్న వాటాల గోడ. తండ్రి పోయాక ఇల్లు నిలువుగా చీలింది. ఒకరి వాటాకు వాకిలి వచ్చింది, ఒకరికి బావి వచ్చింది. గవాచి ఒకరి వైపు పడితే చీకటి మరొకరి వైపు పడింది. నీరు పోయే దారి మూసుకుపోయి రెండు వైపులా గోడ తడిసింది. ఎవరి వాటా వారు బాగుచేయించుకున్నా మిద్దె ఒక్కటే, దూలం ఒక్కటే. ఒక కొస కుళ్లితే రెండు ఇళ్లూ కూలతాయి.

అందుకే మేస్త్రీని పిలిచే ముందు కుటుంబాన్ని పిలవాలి. ఎవరెవరికి ఎంత వాటా ఉందో కాగితం మీద తేలాలి. ఆడబిడ్డల వాటాను నోటి మాటతో దాటవేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. షరియత్ వారికిచ్చిన హక్కును మరమ్మతు పేరుతో మరోసారి పూడ్చేయకూడదు. ఖర్చు ఎవరు పెడుతున్నారు, పెట్టినవారికి అదనపు హక్కు ఏమైనా వస్తుందా, అమ్మదలిస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఇద్దరు పెద్దల ఎదుట రాసుకుంటే తర్వాత మనసులు విరగవు. గోడ పూర్తిగా తీయకపోయినా అందులో ఒక తలుపు, పైన గాలికి సందు, కింద నీటికి దారి పెట్టినా ఇల్లు సగం కోలుకుంటుంది.

ఇంకొక్క మాట. పాత ఇళ్లలో నేడు ఉంటున్నది ఎవరు? పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఒక వితంతువైన అత్త, పెళ్లికాని ఒక చెల్లెలు ఉంటారు. పండక్కి వచ్చిన కొడుకు ఫొటోలు తీసుకుని, 'ఎంత బాగుంది మన ఇల్లు' అని వెళ్లిపోతాడు. వాన పడే రాత్రి కప్పు వైపు చూస్తూ మేలుకునేది ఆ అవ్వే. కాబట్టి మరమ్మతు మొదలయ్యేది ఆమె పడుకునే గది నుంచే. ముందు ఆ గది మీది మట్టి బరువు దించండి, దొంగకప్పు విప్పండి, దూలం చూడండి. వీధివైపు గోడ అందం వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ఈ వారమే ఒక ఉదయం పెద్దవాళ్లతో కలిసి మిద్దె ఎక్కి, మట్టి ఎంత మందం ఉందో కొలవండి. కొలత చేతికొస్తే తీయవలసింది ఎంతో, ఉంచవలసింది ఎంతో మిగతా మాటలు వాటంతటవే మొదలవుతాయి.